ఏడుపుకు రాగం ఎందుకు?

మా అమ్మమ్మ పోయిన రోజు మా పెద్దమ్మ బస్సు దిగగానే ఏడవలేదు. ఊరి మొదట్లో ఎవరో పలకరిస్తే ఆగి, "ఎప్పుడు పోయిందంట?" అని అడిగి, ఆ సంగతీ ఈ సంగతీ కనుక్కుని నడిచొచ్చింది. మా సందు మలుపు తిరిగాకే గొంతెత్తింది. అక్కణ్నించి గుమ్మం దాకా, గుమ్మం నుంచి శవం దాకా రాగం తెగలేదు. ఒక్కో మాట పైస్థాయిలో మొదలై, మెట్లు దిగినట్టు కిందికి జారి, ఊపిరంతా అయిపోయేదాకా సాగి, చివర చిన్న మూలుగులో ఆగేది. అమ్మమ్మ బతుకంతా అందులో ఉంది. కరువు ఏడాది జొన్నలు మూటగట్టి పంపడం, తొలికాన్పుకి బండి కట్టించుకుని అడవి దారిన రావడం, అల్లుడితో పడ్డ మాట. పావుగంటకి పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, మంచినీళ్లు తాగి, మామూలు గొంతుతో "పిల్లలకేమన్నా పెట్టారా?" అని అడిగింది. ఇంతలో సందు చివర ఇంకో గొంతు వినబడింది. మా పిన్ని వస్తోంది. పెద్దమ్మ లేచి ఎదురెళ్లి, చెల్లెలి మెడ పట్టుకుని మళ్లీ మొదలుపెట్టింది.

నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఖమ్మం నుంచి నాతో వచ్చిన స్నేహితుడు, "అంతలో ఏడుపు, అంతలో మామూలు. నిజంగా బాధేనా?" అని గుసగుసగా అడిగాడు. నాకు పెద్దమ్మ తరఫున సిగ్గేసింది. ఆ సిగ్గు నా తెలియనితనమని అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది, కొన్ని పరిశోధన పత్రాలూ చదవాల్సొచ్చింది. ఈ అధ్యాయం ఆవిడకు నేను తీర్చుకుంటున్న బాకీ.

రాగాలు తీసి ఏడవడం, శోకాలు పెట్టడం. ఈ మాటల్ని ఇప్పుడు మనం ఎత్తిపొడుపుగా వాడుతున్నాం. అసలు దుఃఖం మౌనంగా ఉంటుందనీ, గొంతెత్తిందంటే అందులో నటన కలిసిందనీ చదువుకున్న ఇళ్లలో గట్టి నమ్మకం. మనస్తత్వశాస్త్రం కూడా చాలాకాలం వేరే దారిలోనే నడిచింది. ఫ్రాయిడ్ 1917లో అచ్చువేసిన వ్యాసం దగ్గర్నుంచి, పోయినవాళ్ల జ్ఞాపకాలను ఒక్కొక్కటిగా ఎదుర్కొని, వాళ్లతో బంధం తెంచుకోవడమే దుఃఖం చేయాల్సిన పని అనుకునేవారు. 1999లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నుంచి మార్గరెట్ స్ట్రోబె, హెంక్ స్ఖుట్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో మాట చెప్పారు. అయినవాళ్లు పోయిన మనిషి రెండు చోట్ల మధ్య ఊగుతుంటాడు. కాసేపు పోయినదాన్ని తలుచుకుని కుములుతాడు, కాసేపు పొయ్యి, పిల్లలు, అప్పులు, రేపటి పని చూసుకుంటాడు. ఈ ఊగులాట కపటం కాదు, ఆరోగ్యం. ఒక కొసన ఇరుక్కుపోయినప్పుడే భయపడాలి. రాత్రింబవళ్లు కుమిలిపోతున్న మనిషి గురించీ భయపడాలి, ఏమీ జరగనట్టు పనిలో పడి చుక్క కన్నీరు రాల్చని మనిషి గురించీ భయపడాలి.

పెద్దమ్మ పావుగంట శోకం, ఆ తర్వాతి మంచినీళ్లు, పిల్లల తిండి గురించిన ప్రశ్న, పిన్ని రాగానే మళ్లీ శోకం: అచ్చం ఆ ఊగులాటే. ఆవిడ దాన్ని కనిపెట్టలేదు, వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలో సందు మలుపు చెబుతుంది. ఎక్కడ ఆపాలో చుట్టూ ఉన్నవాళ్లు చెబుతారు, ఎవరో ఒకరు భుజం పట్టుకుని చెంబు అందిస్తారు. కట్టలు తెంచుకునే దుఃఖానికి ఇంతకంటే మంచి గట్టు నేనెక్కడా చూడలేదు.

మరి రాగం సంగతేమిటి? మాటలతో చెప్పొచ్చు కదా, పాట దేనికి? జవాబు కొంత ఊపిరిలో ఉంది. మనం గాలి పీల్చినప్పుడు గుండె కాస్త వేగం పెంచుతుంది, వదిలినప్పుడు కాస్త నెమ్మదిస్తుంది. మెదడు కాండం నుంచి గుండె దాకా దిగే వేగస్ నాడి ఈ కళ్లేన్ని పట్టుకుని ఉంటుంది. రాగం తీయాలంటే చటుక్కున పీల్చి, చాలాసేపు వదలాలి. అంటే ప్రతి చరణం గుండెకు కళ్లెం వేసే వ్యాయామం. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో బ్యోర్న్ విక్‌హాఫ్ బృందం 2013లో బృందగాయకుల గుండె లయను కొలిచింది. ఒకే పాటను ఒకే ఊపిరితో పాడుతున్నప్పుడు వాళ్ల గుండెలు కలిసి వేగం పెంచుకుని, కలిసి నెమ్మదించాయి. పెద్దమ్మ, పిన్ని మెడలు పట్టుకుని ఒకరి రాగంలో ఒకరు కలిసినప్పుడు ఆ రెండు గుండెలకూ ఏమై ఉంటుందో ఊహించడం కష్టం కాదు. వెక్కిళ్లతో ఊపిరాడని ఏడుపుకీ, రాగమైన ఏడుపుకీ శరీరంలో ఉన్న తేడా అదే.

మా వైపు ఊళ్లు దమ్మపేట చుట్టుపక్కలవి. సత్తుపల్లికీ అశ్వారావుపేటకూ పొరుగున, అడవి అంచు. 2016 దాకా ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం. ఇక్కడ రైతుల ఇళ్లకు కూతవేటు దూరంలో కోయగూడేలు ఉంటాయి. మా పెద్దమ్మ రాగం ఒక్క మనిషి గొంతు. కోయల దగ్గర ఈ పనికి ప్రత్యేకంగా మనుషులే ఉన్నారు. వాళ్లను డోలీలంటారు. కోయలు మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటూ గట్లుగా విడిపోయి ఉంటారు. ఏ గట్టు ఎక్కడ పుట్టింది, ఏ వేల్పు వెంట నడిచింది, ఎవరికి ఎవరు పుట్టారు అన్న కథంతా డోలీల నోట ఉంటుంది. వేల్పుల కొలుపులకూ, చావు తర్వాతి దినాలకూ వాళ్లను పిలుస్తారు. గుడ్డమీద పూర్వీకుల బొమ్మలు కుట్టిన ముక్కోణపు జెండా ఉంటుంది, దాన్ని పడిగె అంటారు. దాన్ని నిలబెట్టి, డోలు మోగిస్తూ కథ చెబుతారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య అలాంటి డోలి. బడికి పోని మనిషి, గట్ల కథలన్నీ కోయలోనూ తెలుగులోనూ గుక్కతిప్పుకోకుండా పాడేవారు. మేడారంలో సమ్మక్క సారలమ్మల కథ చెప్పిన గొంతు అది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు.

దినాల నాడు డోలి చేసే పనిని చికిత్స చూపుతో చూడండి. ఇంట్లో మనిషి పోయాడు. ఆ పేరు తలుచుకుంటేనే గొంతు పూడుకుపోతుంది. డోలి వచ్చి ఆ గట్టు కథ మొదలుపెడతాడు. మొదటి తాత, ఆయన నడిచిన దారి, దాటిన ఏరు, చేసిన యుద్ధం. పోయిన మనిషి ఆ వరసలోకి, ఆ పడిగె నీడలోకి చేరిపోతాడు. ఇందాక ఫ్రాయిడ్ దారి చెప్పాను కదా, బంధం తెంచుకోవాలని. 1996లో డెనిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ కలిసి తెచ్చిన పుస్తకం ఆ సూత్రాన్ని తిరగేసింది. పోయినవాళ్లతో బంధం తెగనక్కర్లేదు, రూపం మారితే చాలు అన్నారు వాళ్లు. అమెరికా విద్వాంసులు 1996లో అక్షరాల్లో పెట్టిన సంగతిని పడిగె ఎన్ని తరాలుగా గుడ్డమీద మోస్తోందో లెక్క కట్టలేం.

ఇంతవరకు చెప్పింది సంప్రదాయం. దీన్ని ఆసుపత్రి పనిగా మార్చిన కథ వేరే చోట మొదలైంది. ఏడ్రియన్ హిల్ అనే ఇంగ్లండు చిత్రకారుడు 1938లో క్షయ వచ్చి మిడ్‌హర్స్ట్‌లోని శానటోరియంలో చేరాడు. అప్పటికి క్షయకు మందు లేదు, పడుకోవడమే వైద్యం. మంచం మీద నుంచి కనబడే వస్తువుల్ని గీసుకుంటూ ఆయన తన భయాన్ని మోశాడు. తర్వాత పక్క మంచాల వాళ్లకూ, యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికులకూ గీయడం నేర్పాడు. 1942లో ఆ పనికి 'ఆర్ట్ థెరపీ' అని పేరు పెట్టింది ఆయనే. అదే ఏడు అట్లాంటిక్ అవతల మేరియన్ చేస్ అనే నర్తకి వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ మానసిక వైద్యశాలలో అడుగుపెట్టింది. మాట కలపని రోగుల ఎదుట నిలబడి, వాళ్ల కదలికనే తానూ కదిలి, మెల్లగా దాన్ని నాట్యంగా మార్చేది. 1950 నాటికి అమెరికాలో సంగీత చికిత్సకులకు సంఘమే ఏర్పడింది. మన దేశంలో సోహినీ చక్రవర్తి 2004లో స్థాపించిన కోల్‌కతా సంవేద్ సంస్థ, అక్రమ రవాణా నుంచి బయటపడ్డ అమ్మాయిలతో నాట్యచికిత్స చేస్తోంది.

ఒక తేడా ఇక్కడే చెప్పుకోవాలి. బొమ్మ వేస్తే మనసు తేలికపడటం ఎవరికైనా జరిగేదే. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దవాళ్లకు కాగితాలు, రంగు పెన్నులు, బంకమట్టి ఇచ్చి 45 నిమిషాలు ఇష్టమొచ్చినట్టు చేసుకోమంది. ముందూ తర్వాతా ఉమ్మిలో కార్టిసాల్ కొలిచారు. ఒత్తిడిలో ఊరే హార్మోను అది. సుమారు ముప్పావు వంతు మందిలో తగ్గింది. బొమ్మలు వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ ఫలితంలో తేడా లేదు. పోలిక కోసం ఇంకో గుంపును పెట్టలేదు కాబట్టి ఈ అధ్యయనాన్ని మరీ ఎత్తుకోకూడదు, కానీ "నాకు బొమ్మలు రావు" అని వెనక్కి తగ్గేవాళ్లకు ధైర్యం చెప్పడానికి పనికొస్తుంది. చికిత్స ఇంతకు మించింది. అందులో శిక్షణ పొందిన మనిషి ఎదురుగా ఉంటాడు, కళలో బయటపడ్డదాన్ని ఆ మనిషి పట్టుకుంటాడు, ఎంతవరకు పోవచ్చో ఎక్కడ ఆపాలో చూస్తాడు. మా సందులో చెంబు అందించిన చెయ్యి చేసిన పనే ఇది, చదువుతో చేస్తారు.

పాటలో బాధను పెట్టి దాంతో పోట్లాడి, చివరికి రాజీకొచ్చిన మనిషి మాకు ఇంకా దగ్గరలోనే ఉన్నాడు. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ కొలువులో పాల్వంచ పరగణా తహసీల్దారు. భద్రాచలంలో గుడి కట్టించడానికి సర్కారు సొమ్ము ఖర్చుపెట్టాడని తానీషా కాలంలో గోల్కొండ చెరసాలలో వేశారు. పన్నెండేళ్లు ఉన్నాడని సంప్రదాయం చెబుతుంది. ఆయన్ను భక్తుడిగా కొలిచే చేతులతోనే ఆ కీర్తనలను మనసు వైద్యానికి సాక్ష్యంగా కూడా చదవమని నా మనవి. బాగా పేరున్న కీర్తనలో ఆయన దేవుడికి పద్దు చూపిస్తాడు. ఏ నగకు ఎంతైంది, ఏ గోడకు ఎంతైంది, ఒక్కో అంకె చెబుతూ కోపం పెంచుకుంటాడు. నేను కష్టపడి చేయించినవి పెట్టుకుని కులుకుతున్నావని నిలదీస్తాడు. పాట చివరికొచ్చేసరికి దెబ్బల బాధ ఓర్వలేక తిట్టానని ఒప్పుకుని, మనసులో పెట్టుకోవద్దని బతిమాలతాడు. ఇంకో పాటలో రాముడితో నేరుగా మాట్లాడటం మానేసి, నా సంగతి ఆయన చెవిన వెయ్యమని సీతమ్మను అడుగుతాడు. చిన్నప్పుడు నాన్న కోపంగా ఉంటే మనం అమ్మ దగ్గరికి పోయినట్టు.

1986లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ కళాశాల విద్యార్థులను వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు తమ అతి పెద్ద బాధ గురించి రాయమన్నారు. ఇంకో గుంపును మామూలు విషయాలు రాయమన్నారు. బాధ గురించి, దాని వెంట ఉన్న భావాల గురించి కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో వైద్యశాలకు తక్కువసార్లు వెళ్లారు. ఆ తర్వాతి ఏళ్లలో పెన్నెబేకర్ రాతల్లోని మాటల్ని లెక్కపెట్టించాడు. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఒకే ఫిర్యాదును తిరగరాసినవాళ్లకు పెద్దగా మేలు జరగలేదు. "ఎందుకంటే", "ఇప్పుడు అర్థమైంది" లాంటి మాటలు రోజురోజుకూ పెరిగినవాళ్లకు జరిగింది. గోపన్న పాటను మళ్లీ చూడండి. పద్దుతో మొదలై, కోపం మీదుగా, కోపానికి కారణం తన దెబ్బలేనన్న ఎరుకకు చేరుతుంది. ఒక్క పాటలో అంత దూరం. అయితే ఈ రాత వైద్యాన్ని సర్వరోగనివారిణి అనుకోకూడదు. 2006లో 146 అధ్యయనాలను కలిపి చూసిన జొవాన్ ఫ్రాటరోలి, మేలు ఉంది గానీ సగటున చిన్నదేనని తేల్చింది. చిన్నదైనా పెన్ను, కాగితం తప్ప ఖర్చు లేనిది.

పాటకీ రాతకీ లొంగని బాధ ఒకటుంది. ఛత్తీస్‌గఢ్‌లో 2005 తర్వాత చెలరేగిన హింసకు గూడేలు వదిలి, చెట్లల్లో పడి ఖమ్మం అడవుల్లోకి వలస వచ్చిన గుత్తికోయలను తలుచుకుంటే నాకు అదే గుర్తొస్తుంది. 1996లో హార్వర్డ్ పరిశోధకుడు స్కాట్ రౌచ్ బృందం, భయంకరమైన అనుభవం తర్వాత దాని జ్ఞాపకాలతో సతమతమవుతున్న కొద్దిమంది మెదడును, ఆ జ్ఞాపకం చెప్పి వినిపిస్తూ స్కాన్ చేసింది. భయానికి కాపలా కాసే అమిగ్డలా ప్రాంతం రగిలింది. ఎడమవైపు, మాటను అల్లే బ్రోకా ప్రాంతంలో చురుకు తగ్గింది. "నోట మాట రాలేదు" అంటామే, దానికి మెదడులో కూడా చోటుంది. అలాంటి మనిషిని కూర్చోబెట్టి "ఏం జరిగింది, చెప్పు" అంటే లాభం ఏముంది? పైగా అడిగేది తెలుగులో, ఆ మనిషి కలగనేది కోయలో. ఆకారం, రంగు, లయ, అడుగు ముందు వస్తే, మాట తర్వాత దానంతటదే రావచ్చు. వచ్చాక మాటకు దాని బలం దానికుంది. 2007లో లాస్ ఏంజెలెస్‌లో మాథ్యూ లీబర్‌మన్ చేసిన ప్రయోగంలో, చూస్తున్న ముఖంలోని భావానికి 'కోపం', 'భయం' అని పేరు పెట్టగానే అమిగ్డలా కాస్త చల్లబడింది. బొమ్మ వేసిన తర్వాత దానికి పేరు పెట్టమని చికిత్సకులు అడగడంలో మర్మం ఇదేనని నాకనిపిస్తుంది.

ఇక లయ. కోయ పండగల్లో ఆడవాళ్లు చేతులు పెనవేసుకుని, వలయం కట్టి రేల పాటలు పాడుతూ ఆడతారు. మగవాళ్లు అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు ఉన్న తలపాగాలు పెట్టుకుని, బరువైన డోళ్లు మెళ్లో వేసుకుని మోగిస్తూ ఆడతారు. గంటల తరబడి. మర్నాడు పొలం పనికి ఎలా వెళతారా అని బయటివాళ్లు ఆశ్చర్యపోతుంటారు. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన బ్రోన్విన్ టార్, రాబిన్ డన్‌బార్ తదితరులు 2015లో బ్రెజిల్ హైస్కూలు పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. కొందరు ఒకే అడుగు కలిపి ఆడారు, కొందరు ఎవరి అడుగు వాళ్లు వేశారు. కొందరు ఒళ్లలిసేలా, కొందరు కూర్చుని చేతులతోనే. ఆట తర్వాత రక్తపోటు పట్టీని చేతికి బిగిస్తూ ఎంత నొప్పి దాకా ఓర్చుకోగలరో చూశారు. ఒళ్లలవడం ఓర్పును పెంచింది. అడుగు కలవడం కూడా విడిగా తన వంతు పెంచింది. పక్కవాళ్ల మీద దగ్గరితనం కూడా అలాగే పెరిగింది. శరీరం తనకు తానే తయారుచేసుకునే నొప్పిమందు, ఎండార్ఫిన్లు ఇందుకు కారణమని వాళ్ల అంచనా. పెనవేసుకున్న చేతుల్లో నిన్నటి గొడవ మనిషిదీ ఒకటుంటుంది. అడుగు కలవకపోతే వలయం నడవదు.

ఈ గొంతులన్నీ పనితో ముడిపడి ఉండేవని చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ఆ ముడి ఊడిపోతోంది. నాట్లకు ఇరవైమంది ఆడవాళ్లు ఒకే వరసలో వంగితే పాట దానంతటదే పుట్టేది. అత్త ఆరళ్లు, మొగుడి తాగుడు, పుట్టింటి బెంగ అన్నీ ఆ వరసలో ఒకరు అందుకుంటే మిగతావాళ్లు మోసేవారు. ఇంట్లో అనలేని మాట పొలంలో పాటగా అనొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. ఇప్పుడు దమ్మపేట, అశ్వారావుపేట మండలాలు పామాయిల్‌కి పేరు. అశ్వారావుపేటలో ఫ్యాక్టరీ ఉంది, దమ్మపేట మండలం అప్పారావుపేటలో ఇంకోటి ఉంది. ఆ తోటలు చాలా కుటుంబాలను అప్పుల్లోంచి ఎత్తాయి, దాన్ని కాదనను. కానీ గెలలు కోసే పని పొడవాటి గెడకు కత్తి కట్టుకుని ఒకళ్లో ఇద్దరో చేసేది. పాట మోసే వరస అక్కడ లేదు. ఆ ఆడవాళ్ల బాధలు తోటలతోపాటు మాయం కాలేదు కదా. ఎటు పోయాయి? తలనొప్పిగా, నిద్రపట్టకపోవడంగా, కారణం తెలియని నీరసంగా ఆర్‌ఎంపీల దగ్గరికి పోతున్నాయని నా అనుమానం.

కళ మందుకు బదులు కాదు. ఈ మాటను గట్టిగా చెప్పకపోతే ఈ అధ్యాయం హాని చేస్తుంది. ఇంగ్లండులో, ఉత్తర ఐర్లండులో స్కిజోఫ్రీనియా ఉన్న 417 మందిపై చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2012లో వచ్చాయి. వారానికోసారి బృంద చిత్రచికిత్స ఇచ్చినవాళ్లకూ ఇవ్వనివాళ్లకూ రెండేళ్ల తర్వాత లక్షణాల్లో తేడా కనబడలేదు. పిలిచిన రోగుల్లో చాలామంది సరిగా హాజరు కాలేదు కూడా. డిప్రెషన్ విషయంలో కబురు మెరుగ్గా ఉంది. 2017లో కాక్రేన్ సంస్థ 9 అధ్యయనాలను, 421 మందిని కలిపి చూసి, మామూలు వైద్యానికి సంగీత చికిత్స జతచేస్తే కొద్దికాలం పాటు మేలు ఎక్కువగా ఉంటుందని చెప్పింది. 'జతచేస్తే' అన్న మాట ముఖ్యం. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, మన దేశంలో రకరకాల మానసిక జబ్బులున్నవాళ్లలో నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందడం లేదని తేల్చింది. అడవి అంచున ఆ లోటు ఇంకా లోతు. చెవుల్లో గొంతులు వినబడుతున్నా, చావాలనిపిస్తున్నా, పురుగుమందు డబ్బా వైపు చూపు పోతున్నా డోలు కోసం కాదు, డాక్టరు కోసం పరుగెత్తాలి. 14416కు ఫోన్ చేయాలి. 2022లో మొదలైన టెలీమానస్ అది, పగలూ రాత్రీ తెలుగులో కూడా పలుకుతుంది. అక్కడి నుంచి వచ్చాక, మాత్రలు మొదలయ్యాక, మనిషిని మళ్లీ మనుషుల మధ్యకు నడిపించడానికి పాట కావాలి.

చివరగా పిల్లలు. నాకు అన్నిటికంటే ఎక్కువ పట్టింపు ఇక్కడే ఉంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 నాటి 75.6 అడుగుల తర్వాత అంత నీరు రావడం అదే. 2024 జూలైలో మా పొరుగున అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టుకు గండి పడి, కిందనున్న వేలేరుపాడు, కుక్కునూరు మండలాల దాకా నీళ్లు ముంచెత్తాయి. ఇలాంటప్పుడు పెద్దవాళ్లు నష్టం లెక్క రాసుకుంటారు. పిల్లలు ఏమీ చెప్పరు. పక్క తడుపుతారు, వాన చప్పుడుకు తుళ్లిపడతారు, బడిలో పరధ్యానంగా ఉంటారు.

అలాంటి పిల్లలతో కళ ఏం చేయగలదో ఫ్రీడెల్ డికర్ బ్రాండైస్ చూపించింది. యూదురాలైన ఈ చిత్రకారిణిని 1942 డిసెంబరులో నాజీలు తెరెజీన్ నిర్బంధ శిబిరానికి పంపారు. సామాను బరువుకు పరిమితి ఉంటే, తన బట్టలకు బదులు బొమ్మల సరంజామా ఎక్కువగా పట్టుకెళ్లింది. ఆకలీ చావూ మధ్య ఉన్న పిల్లలకు అక్కడ రహస్యంగా పాఠాలు చెప్పింది. ప్రతి బొమ్మ మీద వాళ్ల పేరు వాళ్లతోనే రాయించేది, శిబిరం వాళ్లకు అంకెలు ఇచ్చింది కాబట్టి. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కు తరలించి చంపేశారు. ఆమె దాచిపెట్టిన రెండు సూట్‌కేసుల్లో సుమారు 4,500 బొమ్మలు దొరికాయి. ఆ పిల్లల్లో ఎక్కువమంది బతకలేదు. యుద్ధానికి ముందు ప్రాగ్‌లో ఆమెకు శిష్యురాలైన ఎడిత్ క్రేమర్ తర్వాత అమెరికా చేరి, పిల్లల చిత్రచికిత్సకు పునాది వేసింది.

దమ్మపేటలో చిత్రచికిత్సకులు రేపే దిగిరారు. అంతవరకు అంగన్‌వాడీ టీచరమ్మ, ఆశ్రమ పాఠశాల మాస్టారు ఏం చేయొచ్చో తెలిస్తే చాలా మేలు, ఏం చేయకూడదో తెలిస్తే అంతకంటే మేలు. వరద బొమ్మే వెయ్యమని అడగొద్దు, ఏదైనా వెయ్యనివ్వండి. పెద్ద కాగితం, మైనం రంగులు, ఊరి మట్టి, బొగ్గు ముక్క ఉంటే చాలు. ముందే చెప్పండి, గంట కొట్టేదాకా వేసుకోవచ్చని. ఆ గంట కూడా ఒక గట్టే. వేస్తున్నంతసేపూ పక్కన ఉండండి, సెల్లు చూడకండి. "ఇదేంటి?" అని అడిగితే పిల్లాడు పరీక్షలో కూర్చున్నట్టు బిగుసుకుంటాడు. "ఈ బొమ్మ సంగతి నాకు చెప్తావా?" అనండి. చెప్పకపోతే ఊరుకోండి. ఎక్కువ నలుపు వాడితే మనసు చీకటైందని, ఇంటికి తలుపు వెయ్యకపోతే తల్లిదండ్రుల మీద కోపమని అర్థాలు తీయకండి. ఆ రోజు నల్లరంగే పెద్ద ముక్కగా మిగిలి ఉండొచ్చు. పదే పదే ఒకే నీళ్లు, ఒకే పడవ వేస్తూ, వేసిన ప్రతిసారీ ఇంకా బెదిరిపోతుంటే మాత్రం అది ఆరోగ్య కేంద్రానికి చెప్పాల్సిన సంగతి. ఆట అలా ఇరుక్కుపోవడం, పెద్దవాళ్లలో దుఃఖం ఒక కొసన ఇరుక్కుపోవడం లాంటిదే.

ఆ బొమ్మలకు మార్కులు వేయొద్దు, పోటీ పెట్టొద్దు. సారువాళ్లు వచ్చినప్పుడు గోడకు అంటించి ఫోటోలు తీయించొద్దు. పిల్లల భయం ప్రదర్శనకు పెట్టే వస్తువు కాదు. గంట కొట్టాక ఒక్కొక్కర్నీ అడగండి, ఈ బొమ్మను ఏం చేద్దామని. ఇంటికి పట్టుకెళతానంటే చుట్టి ఇవ్వండి. ఇక్కడే ఉంచమంటే వాళ్ల పేరు వాళ్లతోనే రాయించి బీరువాలో పెట్టి తాళం వేయండి. చించేస్తానంటే చించనివ్వండి. ముక్కలు ఊడ్చేటప్పుడు పక్కన మీరూ వంగండి.